బాబాయి ఆలోచనను మా పేర్లతో పోటీకి పంపవచ్చా?

బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెది ధర్మవరం. తాతల నాటి నుంచి పట్టు మగ్గాల మీద బతికిన ఇల్లు. కూతురి చదువు నేత కూలితో సాగదని తండ్రి మగ్గం మానేసి బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరారు. బాబాయి మాత్రం మగ్గం వదల్లేదు. ఆమె బెంగళూరులో ఇండస్ట్రియల్ డిజైన్ చదివి మూడేళ్ల కిందట పట్టా అందుకున్నారు. ఇప్పుడు వంటింటి పరికరాలు తయారుచేసే ఒక సంస్థలో ఉద్యోగం చేస్తున్నారు.

జకార్డు మగ్గం మీద చీర నేసేటప్పుడు పైన బిగించిన, డిజైను తీర్చే పెట్టెలోని కొక్కేలను, వాటికి వేలాడే దారాలను, బరువులను కాలితో తొక్కి ఎత్తాలి. పేక (అడ్డపోగు) వేసిన ప్రతిసారీ తొక్కాలి. రోజుకు వేలసార్లు. బాబాయికి మోకాళ్లు పాడయ్యాయి. డాక్టరు మగ్గం మానేయమన్నారు, ఆయన మానలేదు. పాత స్కూటరు షాక్ అబ్జార్బర్ నుంచి తీసిన స్ప్రింగును తొక్కుడు మీటకు తగిలించి, బరువులో కొంత దాని మీదకు మళ్లించారు. చీర డిజైనును బట్టి లేచే కొక్కేల సంఖ్య మారుతుంది, దాంతో బరువూ మారుతుంది. అందుకని మీట పొడవునా గాట్లు పెట్టి, స్ప్రింగును ముందుకూ వెనక్కూ జరుపుకొనేలా చేశారు. వీధిలో మరో ముగ్గురు అది చూసి తమ మగ్గాలకూ పెట్టుకున్నారు.

చివరి ఏడాది ప్రాజెక్టుగా ఆమె, మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన ఒక స్నేహితుడు దీన్నే తీసుకున్నారు. తొక్కేటప్పుడు మొదట తేలికగా, చివర్లో బరువుగా కాకుండా కాలికి ఆసాంతం ఒకే భారం తగిలేలా ఒక క్యామ్ (గుండ్రంగా కాకుండా మలిచిన చక్రం) రూపొందించారు. చెక్కకు రంధ్రం పెట్టకుండా ఏ మగ్గానికైనా బిగించుకొనే పట్టీ చేశారు. బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలోని ఒక చిన్న వర్క్‌షాపులో నమూనాలు చేయించి, సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కి ధర్మవరం తీసుకువెళ్లి పరీక్షించారు. గాట్ల మీటను మాత్రం అలాగే ఉంచేశారు. దానికంటే మంచిది వారికి దొరకలేదు.

ఈ ఏడాది దీన్ని జేమ్స్ డైసన్ అవార్డుకు, అంటే యువ డిజైనర్లకు, ఇంజనీర్లకు ఏటా ఇచ్చే అంతర్జాతీయ బహుమతికి పంపుదామని స్నేహితుడి పట్టుదల. ఆయన సెప్టెంబరులో పై చదువుకు జర్మనీ వెళుతున్నారు. బాబాయి పేరు ఎక్కడ రాద్దామని ఆమె అడిగితే, నిబంధనల ప్రకారం ఆయన బృంద సభ్యుడు కాలేరు కనుక ప్రస్తావనే వద్దని, రాస్తే న్యాయనిర్ణేతలకు అనుమానం వస్తుందని స్నేహితుడు అన్నారు. పాఠం చెప్పిన ప్రొఫెసర్ మధ్యేమార్గం చూపారు: ‘సంప్రదాయ నేతన్నల అనుభవం నుంచి స్ఫూర్తి పొందాం’ అని రాస్తే చాలునట. ఇంట్లో చిక్కు వేరు. నానమ్మ పోయాక ఇల్లు పంచుకున్నప్పుడు మగ్గాల సాల బాబాయి వాటాకు వెళ్లింది. అప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ‘వాడి పేరు పెట్టావంటే రేపు వాటా అడుగుతాడు. నీ చదువు కోసం మగ్గం మానింది నేను, వాడు కాదు’ అన్నారట తండ్రి. బాబాయిని అడిగితే ‘నా పేరెందుకమ్మా, నువ్వు గెలిస్తే నేను గెలిచినట్టే’ అన్నారట.

‘బాబాయే వద్దన్నాక ఇక నా తప్పేముంది అనుకుంటాను. రాత్రయితే మళ్లీ అదే ఆలోచన. ఏం చేయమంటారు?’ అని ఉత్తరం ముగించారు.

ముందు మీ ప్రొఫెసర్ సూచించిన ఆ వాక్యం సంగతి చూద్దాం, అమ్మా. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నాకు అది నచ్చకపోవడానికి కారణం కూడా అదే. అబద్ధమైతే మీ మనసు అక్కడే ఎదురుతిరిగేది, ఇంత దూరం నాకు ఉత్తరం రాయవలసిన అవసరం ఉండేది కాదు. పేరూ ఊరూ ఉన్న మనిషిని, నొప్పి పుడుతున్న మోకాలికి తానే మందు కనిపెట్టుకున్న మనిషిని ఆ వాక్యం ‘నేతన్నలు’ అనే గుంపులో కలిపేస్తుంది. గుంపుకు కృతజ్ఞత చెప్పడం సులువు. గుంపు ఎదురు వచ్చి ఏమీ అడగదు. చేనేతలో ఇది చాలాకాలంగా జరుగుతూనే ఉంది. కాగితం మీద బొమ్మ గీసినవారికి పేరు ఉంటుంది, మగ్గం మీద దాన్ని సాధ్యం చేసినవారు ‘సంప్రదాయం’ కింద జమ అవుతారు. నేత ఇంట్లో పుట్టిన మీ చేతుల మీదుగా అది మరోసారి జరగడం నాకు కష్టంగా ఉంటుంది. మీకూ అలాగే ఉందని మీ ఉత్తరమే చెబుతోంది.

ఆలోచన మరొకరి నుంచి వచ్చిందంటే పోటీలో విలువ తగ్గుతుందన్న భయాన్ని కాస్త విడదీసి చూడాలి. ఈ అవార్డు గెలిచినవారు తమ పని ఎక్కడ మొదలైందో దాచుకోలేదు. 2014లో గెలిచిన జేమ్స్ రాబర్ట్స్ అనే బ్రిటన్ యువకుడు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం గాలి నింపి వాడుకొనే చవకైన ఇంక్యుబేటర్ రూపొందించాడు. సిరియా శరణార్థుల శిబిరాల మీద ఒక డాక్యుమెంటరీ చూశాక ఆ ఆలోచన వచ్చిందని తానే చెప్పాడు. 2021లో గెలిచిన సింగపూర్ బృందం కంటిలోని ఒత్తిడిని ఇంట్లోనే కొలుచుకొనే పరికరం చేసింది. బృందంలో ఒకరి తండ్రికి గ్లాకోమా (చూపు దెబ్బతీసే కంటి జబ్బు) రావడమే దానికి మొదలు. ఆ సంగతి వారి విలువను తగ్గించలేదు, పెంచింది.

అయితే మీ విషయంలో ఒక తేడా ఉంది. దాన్ని దాటవేస్తే మీకు సరైన సలహా ఇచ్చినట్టు కాదు. ఆ శిబిరాలు, ఆ తండ్రి సమస్యను చూపించారు. మీ బాబాయి సమస్యను చూపించి ఊరుకోలేదు, పరిష్కారంలో గట్టి భాగం చేసి మీ చేతికి ఇచ్చారు. మారే బరువుకు తగ్గట్టు స్ప్రింగు స్థానం మార్చాలన్నది ఆయన బుర్రలో పుట్టింది. మీరిద్దరూ ఇంజనీరింగ్, డిజైన్ చదివి, అన్ని నమూనాలు చేసి కూడా దాన్ని మార్చలేకపోయారంటే అది ఎంత బలమైన ఆలోచనో మీకే తెలుసు. కనుక మీ బాబాయి ఈ కథలో ‘వాడుకరి’ కాదు, సహ రూపకర్త. ఇది ఒప్పుకొన్నాక మిగతావన్నీ నెమ్మదిగా విడతీసుకోవచ్చు.

ఇక నిబంధన. మీ స్నేహితుడు దాన్ని సరిగ్గానే చదివారు. ఈ అవార్డు డిజైన్, ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం, చదువు ముగించి నాలుగేళ్లు దాటనివారి కోసం పెట్టింది. బృందంగా వస్తే ప్రతి సభ్యుడూ ప్రస్తుతం గానీ గత నాలుగేళ్లలో గానీ విశ్వవిద్యాలయ స్థాయిలో కనీసం ఒక సెమిస్టరు చదివి ఉండాలి. మీ బాబాయి ఎంత గొప్ప పని చేసినా ఆ గడిలో పట్టరు. ఇది ఆ పోటీ పరిమితి. యువతను ప్రోత్సహించడానికి పెట్టిన పోటీకి అలాంటి హద్దు ఉండటంలో తప్పు లేదు. కానీ సభ్యుడు కాలేరు అన్నది నిబంధన చెప్పిన మాట, ఆయన ప్రస్తావన వద్దన్నది మీ స్నేహితుడు దానికి కలిపిన మాట. బహుమతికి ఎవరు పోటీ పడవచ్చో నిబంధన తేలుస్తుంది. ఆ వస్తువు ఎలా పుట్టిందో చెప్పే చోట ఎవరి పేరు రాసినా అది అడ్డుపడదు.

పైగా ఈ పోటీ స్వభావం చూడండి. ఒక సమస్యను పరిష్కరించే వస్తువును రూపొందించమని అడుగుతారు. ఎలా రూపొందించారో, ఏ నమూనా ఎందుకు విఫలమైందో, తర్వాత ఏం మార్చారో వివరంగా చూస్తారు. తన వాక్యూమ్ క్లీనర్ కోసం 5,127 నమూనాలు చేశానని చెప్పుకొనే ఇంజనీరు పేరు మీద ఉన్న అవార్డు ఇది. ముందు ప్రతి దేశంలోనూ విజేతను ఎంపిక చేస్తారు, తర్వాత డైసన్ ఇంజనీర్లు ఇరవై ఎంట్రీల జాబితా తయారుచేస్తారు, చివరి నిర్ణయం జేమ్స్ డైసన్‌ది. ఇంతమంది ఇంజనీర్ల కళ్ల ముందుకు వెళ్లే ఎంట్రీలో ‘మీ మొదటి నమూనా ఏది?’ అన్న ప్రశ్న రాకుండా ఉండదు. మీ మొదటి నమూనా ధర్మవరంలో మీ బాబాయి మగ్గం మీద ఉంది. దాన్ని ఫొటోతో సహా చూపిస్తే మీరు ఏం కలిపారో స్పష్టంగా కనబడుతుంది. దాస్తే, అసలు మీరు కలిపినదేమిటో కూడా మసకబారుతుంది. క్యామ్, పట్టీ, వాటి కొలతలు, వేర్వేరు ఎత్తున్న నేతగాళ్ల మీద చేసిన పరీక్షలు, ఇవన్నీ మీ సొంత కష్టం. అవి తక్కువవి కావు.

నష్టం ఉండదని మాత్రం నేను అనను. ‘మూలభాగం ముందే ఉంది కదా’ అని ఒక న్యాయనిర్ణేత పక్కన పెట్టే అవకాశం ఉంది. మోటారుతో జకార్డు ఎత్తే యంత్రాలు ఇప్పటికే ఉన్నాయి కదా, ఇది ఎందుకని కూడా అడుగుతారు. కరెంటు అక్కర్లేదు, ధర తక్కువ, మగ్గాన్ని కోయనక్కర్లేదు అని మీరు జవాబు చెప్పగలగాలి. నిజం చెప్పి ఓడిపోయే అవకాశం ఉంది, అది తెలిసే నిర్ణయం తీసుకోండి.

ఇప్పుడు పోటీకంటే ముఖ్యమైన సంగతి. పోటీ నిబంధన మీ బాబాయికి తలుపు మూసింది గానీ, పేటెంటు చట్టం మూయలేదు. ఆవిష్కర్తకు పట్టా ఉండాలని, వయసు ఇంత ఉండాలని అది అడగదు. దరఖాస్తులో ఆవిష్కర్తలందరి పేర్లూ రాయాలని అడుగుతుంది. నిజమైన ఆవిష్కర్తను పక్కకు నెట్టి పేటెంటు పొందితే తర్వాత దాన్ని సవాలు చేయవచ్చు, రద్దు కూడా కావచ్చు. ఎంపికైన ఎంట్రీల వివరాలు ప్రపంచమంతటికీ తెలుస్తాయి. ఒకసారి బహిరంగమైన విషయానికి మన దేశంలో పేటెంటు దొరకడం చాలా కష్టం. అందుకని ఎంట్రీ పంపే ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసుకోవడం మంచిది. వ్యక్తులు ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలు, ఏజెంటు ఫీజు వేరు. ఆ తేదీ నుంచి 12 నెలల్లో పూర్తి వివరాలు సమర్పించాలి. కర్ణాటక అయినా ఆంధ్రప్రదేశ్ అయినా మనకు వర్తించేది చెన్నై పేటెంటు కార్యాలయమే. అవార్డుకు ఎంట్రీ పంపినంత మాత్రాన మీ మేధో హక్కులు వారికి వెళ్లవు, అవి మీ దగ్గరే ఉంటాయి. ఆ విషయంలో దిగులు అక్కర్లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పేటెంటు ఏజెంటు మీకు ఇలా చెప్పవచ్చు: ‘గాట్ల మీట వీధిలో నలుగురి మగ్గాల మీద బహిరంగంగా వాడుకలో ఉంది కనుక దానికి ఇక పేటెంటు రాదు. కొత్తది క్యామ్, పట్టీ మాత్రమే. వాటి ఆవిష్కర్తలు మీరిద్దరే.’ అలా చెబితే చట్టం దృష్టిలో ఆ మాట సరైనదే కావచ్చు. అప్పుడు మీ స్నేహితుడు ‘చూశావా, బాబాయి పేరు చట్టానికే అక్కర్లేదు’ అంటారు. నేను మీ స్థానంలో ఉంటే ఆ మాట విన్న రోజునుంచే మరింత జాగ్రత్తగా ఉంటాను. పొరుగువారికి ఏమీ దాచకుండా చూపించినందుకే మీ బాబాయికి హక్కు పోతున్నదన్నమాట. చట్టం ఆయనకు ఇవ్వలేని చోట మీరు ఇవ్వవలసింది ఎక్కువవుతుంది, తగ్గదు.

మల్లేశం గారి సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేశారు. దారాన్ని చేత్తో మేకుల చుట్టూ వేలసార్లు తిప్పే ఆసు పోసి పోసి తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. పట్టా లేని నేత కార్మికుడు ఆవిష్కర్తగా దేశం ముందు నిలబడటం మన నేలమీద ఇప్పటికే జరిగింది. ఆయనకు అండగా నిలిచిన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ 2000లో మొదలైంది, కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం కింద పనిచేస్తోంది. పెద్ద చదువుల, సంస్థల సాయం లేకుండా సొంతంగా కనిపెట్టినవారి కోసమే పెట్టిన సంస్థ అది. మీ బాబాయి చేసిన తొలి మీట, మీరు చేయి పెట్టక ముందు ఎలా ఉందో అలాగే, ఆయన పేరు మీద అక్కడికి పంపవచ్చు. గాట్లు పెట్టినప్పటి ఫొటోలు, వాడుతున్న పొరుగువారి మాటలు ఇప్పుడే సేకరించి పెట్టండి. మీ పోటీకి, దీనికి సంబంధం పెట్టనక్కర్లేదు. రెండు దారులు, రెండు తేదీలు.

‘నా పేరెందుకమ్మా’ అన్న మాటను అనుమతి కింద లెక్కవేయకండి. మన ఇళ్లలో పెద్దవాళ్లు భోజనానికి కూర్చోమంటే మొదట వద్దనే అంటారు. మీ బాబాయి అన్నది ప్రేమతో అన్న మాట, అందులో సందేహం లేదు. కానీ ఆయనకు ఏది వదులుకుంటున్నారో తెలుసా? దేశస్థాయిలో గెలిస్తే 5,000 పౌండ్లు, అంటే అయిదు లక్షల రూపాయలకు పైమాటే. అంతర్జాతీయంగా గెలిస్తే 30,000 పౌండ్లు. తర్వాత ఏ సంస్థయినా దీన్ని తయారుచేసి కంచిలోనో, మీ ధర్మవరంలోనో అమ్మవచ్చు. ఇవన్నీ చెప్పి, కూర్చోబెట్టి అడగండి. ‘పేరు కావాలా?’ అని కాదు. అలా అడిగితే ఆ మనిషి మళ్లీ వద్దనే అంటారు. ‘రేపు దుకాణంలో ఇది ఎవరో అమ్ముతుంటే, పెట్టె మీద నీ పేరు లేకపోతే నీకెలా ఉంటుంది బాబాయ్?’ అని అడగండి. జవాబు వెంటనే రాకపోతే ఊరుకోండి. నాలుగు రోజులు పోయాక ఆయనే ఫోను చేస్తారు. అప్పటికీ వద్దంటే, అది ఆయన నిర్ణయం, గౌరవించాలి. కానీ పేరు వద్దన్నా డబ్బులో భాగం వద్దన్నట్టు కాదు. అది వేరుగా అడగాలి.

మీ నాన్నగారి గురించి రాసిన భాగం చదువుతుంటే నాకు ఆయన మీద కోపం రాలేదు. ‘వాటా అడుగుతాడు’ అన్న వాక్యం వెనకే ‘నీ చదువు కోసం మగ్గం మానింది నేను’ అన్నారు చూడండి, నొప్పి అక్కడుందని నా నమ్మకం. తాను వదిలేసిన మగ్గం మీద తమ్ముడు కూర్చున్నాడు. సాల తమ్ముడికి వెళ్లింది. ఇప్పుడు తాను చదివించిన కూతురు ఆ మగ్గం మీదే పేరు తెచ్చుకుంటే, అందులో కనిపించేది తమ్ముడి పేరు. మరి ఆయన చేసిన త్యాగం ఎక్కడ కనిపిస్తుంది? ఈ లెక్క ఆయన పైకి చెప్పలేరు. మీరే చెప్పండి, ఈ చదువు మీరు మానేసిన మగ్గం నుంచి వచ్చిందని నాకు తెలుసు నాన్నా అని. అది ఎంట్రీలో రాయవలసిన విషయం కాదు, ఎదురుగా కూర్చుని చెప్పవలసిన విషయం. ఒకరికి దక్కవలసింది తీసేసి మరొకరి రుణం తీర్చలేరు కదా.

వాటా భయానికి మందు పేరు తీసేయడం కాదు, ముందే కాగితం మీద రాసుకోవడం. ఎవరికెంత అన్నది ఇప్పుడే తేల్చి, సంతకాలు చేసుకుంటే రేపు అడగడానికి ఎవరికీ ఏమీ మిగలదు. ఆ మాట నాన్నగారికి అర్థమయ్యేలా చెబితే ఆయన కొంత మెత్తబడవచ్చు. మెత్తబడకపోవచ్చు కూడా. అన్నదమ్ములను కలపడం ఈ ఎంట్రీ బాధ్యత కాదు, ఆ బరువు నెత్తిన పెట్టుకోకండి. ఇంకొకటి మాత్రం ప్రయత్నించవచ్చు. మీ నాన్నగారూ నేతగాడే. కొత్త క్యామ్ బిగించిన మగ్గం మీద, అది బాబాయి సాలలోది కాకుండా వేరే ఇంట్లోదైతే మేలు, ఆయన్ను కూర్చోబెట్టి తొక్కి చూడమనండి. తేడా ఎంతో మీ కొలతల పట్టికకంటే ఆయన బాగా చెబుతారు.

ఇంతకూ మీ ముందున్న దారులు ఏమిటి? స్నేహితుడు చెప్పినట్టే, ఆ ‘స్ఫూర్తి’ వాక్యంతో ఈ ఏడాది పంపేయవచ్చు. నిబంధన దాటినట్టు కాదు, గొడవా ఉండదు, ఇంట్లో నాన్నగారు సంతోషిస్తారు. ఓడిపోతే ఎవరికీ ఏమీ తెలియదు. గెలిస్తే చిక్కు అప్పుడు మొదలవుతుంది. పత్రికలవాళ్లు ధర్మవరం వస్తారు, మగ్గం ఫొటో అడుగుతారు, వీధిలో నాలుగు మగ్గాల మీద గాట్ల మీటలు కనిపిస్తాయి. బాబాయి అప్పుడు కూడా ‘అంతా పాపదే’ అంటారు. ఆ మాట వింటూ పక్కన నిలబడవలసింది మీరు. అది భరించగలరా అన్నది మీకు మాత్రమే తెలుసు, మీ ఉత్తరాన్ని బట్టి నాకు అనుమానమే.

రెండో దారి, ఈ ఏడాదే పంపడం, అయితే పూర్తి కథతో. బృంద సభ్యులుగా మీరిద్దరే. వివరణలో బాబాయి పేరు, ఆయన చేసింది, మీరు చేసింది విడివిడిగా. ఆయన రాతపూర్వక సమ్మతి, ఫొటోలు. దానికి ముందు ప్రొవిజనల్ దరఖాస్తు. గడువు సాధారణంగా జూలైలో ముగుస్తుంది కనుక పరుగులు పెట్టవలసి వస్తుంది. తొందరలో బాబాయితో మాట్లాడవలసినట్టు మాట్లాడలేకపోయే ప్రమాదం ఉంది. ఆ ఒక్క పనీ సరిగ్గా జరిగేటట్టయితే నా మొగ్గు ఈ దారి వైపే.

లేదా ఒక ఏడాది ఆగవచ్చు. మీరు పట్టా పుచ్చుకొని మూడేళ్లే అయింది కనుక వచ్చే ఏడాది కూడా అవకాశం ఉండవచ్చు. చదువు ముగిసిన నెలను, ఆ ఏటి నిబంధనలను ఒకసారి పోల్చి చూసుకోండి. ఈలోగా బాబాయి దరఖాస్తు ఆయన పేరున వెళుతుంది, మరిన్ని మగ్గాల మీద పరీక్షలు చేయవచ్చు, బెంగళూరులోనే ఉన్న వీవర్స్ సర్వీస్ సెంటర్‌లోనో, సెంట్రల్ సిల్క్ బోర్డు పరిశోధన సంస్థలోనో చూపించి వారి అభిప్రాయం తీసుకోవచ్చు. ఎంట్రీ బలపడుతుంది. కానీ మీ స్నేహితుడు దూరమవుతారు. ఆయనకు ఇది ఇప్పుడే కావాలి, అది స్వార్థమని కొట్టిపారేయకండి. క్యామ్ లెక్కలు వేసిన మనిషికి తన పని నలుగురికీ కనిపించాలని ఉండటం న్యాయమే. ఏడాది ఆగుదామంటే ఆయన నష్టపోయేది ఏమిటో అడిగి, అది ఎలా పూడ్చగలరో చూడండి. ప్రాజెక్టు నివేదికను ముగ్గురి పాత్రలతో రాసి, ప్రొఫెసర్ సంతకంతో ఆయన చేతికి ఇస్తే జర్మనీలో అదీ ఉపయోగపడుతుంది.

పోటీ ఊసే లేకుండా, హక్కులేమీ పెట్టుకోకుండా కొలతలన్నీ నేత కార్మికులకు ఇచ్చేయడం మరో దారి. మీ బాబాయి ఇప్పటిదాకా చేసింది అదే. మోకాళ్లకు అది త్వరగా చేరుతుంది. కాకపోతే డబ్బున్న తయారీదారు ఎవరైనా దాన్ని తీసుకొని తన సరుకుగా అమ్ముకోవచ్చు, మీరు ఆపలేరు. దీనికి కూడా మీరొక్కరే ఒప్పుకుంటే చాలదు, ముగ్గురూ కావాలి.

ఏ దారి పట్టినా ముందు ఒక కాగితం తయారుచేయండి. ఏ భాగం ఎవరు ఆలోచించారు, ఎప్పుడు, దానికి రుజువు ఏమిటి. వర్క్‌షాపు రసీదులు, పాత ఫొటోల తేదీలు, కాలేజీకి ఇచ్చిన నివేదిక జతచేయండి. ముందు తెలుగులో రాసి బాబాయికి చదివి వినిపించండి, తర్వాత ఇంగ్లిషులోకి మార్చండి. మీ కాలేజీకి విద్యార్థుల ఆవిష్కరణల మీద హక్కు కోరే విధానం ఉందేమో అడగండి. ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం పెట్టిన ఒప్పందంలో ఆవిష్కరణల గురించి ఏముందో కూడా చూడండి. మన పేటెంటు చట్టం ఉద్యోగి ఆవిష్కరణ యజమానిదని ఎక్కడా తేల్చి చెప్పదు, ఒప్పందంలో ఏముందన్నదే లెక్క. చేరకముందు చేసిన పనికి తేదీలున్న రుజువులు మీకు రక్ష. చేరాక క్యామ్‌లో ఏమైనా మార్పులు చేసి ఉంటే, ఆ భాగం ఏజెంటుకు విడిగా చెప్పండి.

స్నేహితుడు విమానం ఎక్కకముందే ముగ్గురూ ఒకసారి ధర్మవరంలో కూర్చోండి. ఒప్పందం మీదా, పేటెంటు కాగితాల మీదా ఆయన సంతకం ఇక్కడుండగా తీసుకోవడం వేరు, జర్మనీ నుంచి తెప్పించడం వేరు. మీ ఉత్తరం చివర ఫోను చేయవచ్చా అని అడిగారు. తప్పకుండా చేయండి, ఆ కాగితం మొదటి ప్రతి సిద్ధమయ్యాక.